అటక మీది సొరబుర్ర

దసరాకి వచ్చిన మా మనవడు సంచి విప్పి ఒక రేకుడబ్బా తీసి నా ముందు పెట్టాడు. మూత చుట్టూ సీలు వేసి ఉంది.

"ఏంట్రా ఇది, పాలపొడా?"

"విత్తనాలు తాతయ్యా. ముప్పై రకాలు. అన్నీ హెయిర్‌లూమ్. మళ్లీ హుద్‌హుద్ లాంటి తుఫాను వచ్చినా, కరోనా అప్పటిలా ఊరంతా మూతపడ్డా మన కూరలు మనమే పండించుకోవచ్చు. పాతికేళ్లు పాడవవని రాశాడు చూడు."

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "పాతికేళ్లే! ఉల్లి విత్తనం కూడానా?"

ఉల్లి సంగతి తెలిసినవాళ్లకి ఆ ఒక్క ప్రశ్న చాలు. మామూలుగా ఇంట్లో పెట్టిన ఉల్లి విత్తనం ఏడాది దాటితే మొరాయిస్తుంది. కానీ వాడి ముఖం చిన్నబోయింది. కుర్రాడు జీతం డబ్బులతో సినిమా టికెట్లు కాకుండా విత్తనాలు కొన్నాడు కదా అని నేను డబ్బాని వెనకేసుకొచ్చాను. విప్పి చూశాం. టమాటా, బెండ, చిక్కుడు ఉన్నాయి. వాటి పక్కనే లెట్యూస్, కేల్, బ్రోకలీ, జుకినీ. అనకాపల్లి ఉక్కలో కేల్ పండించి, తుఫానులో కూర్చుని తింటామన్నమాట.

మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "అటక మీద నా బ్యాంకు లాకరుంది, దింపరా" అంది మనవడితో. వాడు బల్ల ఎక్కి సొరబుర్ర దింపాడు. పాదు మీదే ముదరబెట్టి, ఎండబెట్టి, తొడిమ దగ్గర చిన్న కన్నం చేసి, గుడ్డపీలికతో బిగించిన ఎండుకాయ. ఊపితే గలగలమంది. "నాయనమ్మా, ఇది గిలక్కాయలా ఉందే" అన్నాడు వాడు.

హెయిర్‌లూమ్ అంటే ఇంగ్లీషులో తరతరాలుగా ఇంట్లో చేతులు మారుతూ వచ్చే వస్తువు. అత్తగారి కాసులపేరు లాంటిది. విత్తనానికి ఆ మాట వాడితే, మన వాడుకలో నాటు విత్తనం. వ్యవసాయం వాళ్లు ఇంకో మాట కూడా వాడతారు, సూటి రకం అని. ఏళ్ల తరబడి విత్తి తీసిన నాటు రకమైనా, పరిశోధనాలయం ఇచ్చిన పూసా రూబీ టమాటా లాంటి సూటి రకమైనా, గింజ దాచుకుని వేస్తే తల్లి లాంటి మొక్కే వస్తుంది. హైబ్రిడ్‌కి ఆ మాట ఇవ్వలేం.

ఎందుకని మనవడు అడిగాడు. వాడికి చెప్పిందే మీకూ చెబుతాను.

హైబ్రిడ్ వంగ అంటే గుణాలు బాగా తెలిసిన రెండు శుద్ధమైన రకాలకి పెళ్లి చేస్తే పుట్టిన బిడ్డ. ఆ మొదటి తరం పిల్లలందరూ కవలల్లా ఒకేలా ఉంటారు. ఒకే ఎత్తు, ఒకే కాయ, మంచి దిగుబడి. ఆ కాయల్లో గింజ తీసి మళ్లీ వేస్తే మాత్రం తాతమ్మల గుణాలన్నీ విడివిడిగా బయటపడతాయి. ఒక మొక్కకి గుండ్రటి కాయ, ఇంకోదానికి పొడుగుది, ఒకటి ముళ్లతో, ఒకటి కాపే లేకుండా. గుత్తివంకాయ కూర చేద్దామని మడి వేస్తే మడి నిండా కలగూరగంప. బ్రనో పట్టణం మఠంలో మెండెల్ అనే సన్యాసి బఠాణీ మొక్కల్ని ఎనిమిదేళ్లు పెంచి, లెక్కపెట్టి, 1865లో చదివి వినిపించింది ఈ సంగతే. పొడుగు బఠాణీకీ పొట్టి బఠాణీకీ పుట్టినవన్నీ పొడుగే. వాటి పిల్లల్లో మాత్రం సుమారు నాలుగింట ఒకటి మళ్లీ పొట్టిది. పొట్టితనం ఎక్కడికీ పోలేదు, ఒక తరం పాటు దాక్కుంది, అంతే.

ఇక్కడ ఒక మాట. హైబ్రిడ్ అంటే విషం కాదు. జన్యుమార్పిడీ కాదు. జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయని మన దేశంలో 2010 ఫిబ్రవరిలోనే ఆపేశారు. అమ్ముకుని బతికే రైతు హైబ్రిడ్ వేస్తే నేను తప్పు పట్టను. కానీ ఆపద కోసం దాచుకునే గింజ వేరు. వచ్చే ఏడు ప్యాకెట్ దొరక్కపోతే ఏమిటన్నదే అక్కడ ప్రశ్న. దానికి సూటి రకమే దిక్కు. నాటు అనగానే వేదకాలం నాటిదనుకోకండి. టమాటా, మిరప అమెరికా ఖండాల నుంచి దిగినవి. టమాటాని మా వైపు పాతవాళ్లు రామములగ అనేవారు. పరాయి మొక్క మన మట్టిలో కొన్ని తరాలు పండి, మన ఎండకీ మన నాలుకకీ అలవాటు పడితే అదీ నాటే అవుతుంది.

సొర దగ్గరికొద్దాం. సాయంత్రం మనవణ్ణి పందిరి కిందకి తీసుకెళ్లాను. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విప్పుకుంటే, సొరపువ్వు పొద్దు వాలాక తెల్లగా విచ్చుకుంటుంది. చీకట్లో కనబడాలి కదా, దాని చుట్టాలందరూ రాత్రిళ్లు తిరిగే రెక్కల పురుగులే. మగపువ్వుకి సన్నటి కాడ ఉంటుంది. ఆడపువ్వు కింద వేలెడంత పిందె అప్పటికే నూగుతో ఉంటుంది. "ఈ పిందె పక్కింటి సొరతో కలిసిపోతే?" అన్నాడు వాడు. మంచి ప్రశ్న. ఈ ఏడు కాయకి ఏమీ కాదు, కాయ తల్లిదే. లోపలి గింజలు మాత్రం రెండిళ్ల బిడ్డలు. తేడా వచ్చే ఏడు బయటపడుతుంది.

అలా కలవకూడదనుకుంటే చిన్న పని ఉంది. ఆ సాయంత్రం విప్పుకునే ఆడమొగ్గనీ మగమొగ్గనీ మధ్యాహ్నమే గుర్తుపట్టి కొసలు దారంతో వదులుగా కట్టాలి. చీకటి పడుతుండగా మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్ది, రేకులు మూసి మళ్లీ దారం చుట్టాలి. కాడకి ఒక రంగు దారం కట్టాలి, లేకపోతే ఆ కాయని ఎవరో కూరకి కోసేస్తారు. మా ఇంట్లో అలా రెండుసార్లు జరిగింది. కోసింది నేనే.

బీర, సొర పక్కపక్కన పెడితే కలిసిపోతాయని కొందరు భయపడతారు. కలవవు, అవి వేర్వేరు కులాలు. దోసకాయ సంగతి విచిత్రం. మన పప్పులోకి వేసుకునే పసుప్పచ్చ దోసకాయ, సలాడ్లోకి కోసే కీరాకి తోబుట్టువు కాదు. అది ఖర్బూజాకి తోబుట్టువు. దాని పక్కన ఖర్బూజా పాదు ఉంటే గింజకి గండమే, కీరా ఉంటే ఏమీ కాదు. ఇక చేదు. దోసకాయ కోసి చెక్క నాలుకకి తాకించి చూడడం మన ఆడవాళ్లకి పుట్టుకతో వచ్చిన అలవాటు. సొరకి కూడా అదే చెయ్యండి. చేదుగా ఉంటే చటుక్కున ఉమ్మేసి కాయ పారేయండి. సొరలో చేదంటే కుకుర్బిటాసిన్లనే విషపదార్థాలు. వండినా పోవు, రసం తీసి తాగితే ఆసుపత్రి పాలవుతారు. చేదు కాయ గింజని విత్తనానికి అస్సలు ఉంచకండి.

వంగ, టమాటా, చిక్కుడు, అలసంద ఇంత రాద్ధాంతం చెయ్యవు. ఎక్కువగా తమ పువ్వులో తామే కలుసుకుంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వీటితో మొదలుపెడితే మంచిది. వంకాయ మాత్రం కూరకి కోసే దశలో కాదు, పండి పసుపెక్కి మెత్తబడే దాకా చెట్టునే ఉండాలి. టమాటాకి ఇంకో తంతు ఉంది. దాని గింజ చుట్టూ జిగురు ఉంటుంది చూశారా? పండులోనే మొలకెత్తకుండా గింజని ఆపే పదార్థం ఆ జిగురులోనే ఉంది. గుజ్జుని గాజుగ్లాసులో వేసి రెండు రోజులు వదిలేస్తే పులిసి పైన తెట్టు కడుతుంది, జిగురు విడిపోతుంది. కడిగితే గట్టి గింజ అడుక్కి దిగుతుంది, తాలు పైకి తేలుతుంది. వాసన భరించలేక మా ఆవిడ గ్లాసుని గోడవతలికి చేరుస్తుంది.

ఇప్పుడు అసలు కథ, దాచడం.

గింజంటే లోపల ఒక పసిబిడ్డ, పక్కనే వాడి సద్దిమూట, పైన దుప్పటి. నిద్రపోతున్నాడే కానీ ఊపిరి ఆగలేదు. ఊపిరి తీస్తూ సద్ది కొంచెం కొంచెం తింటూ ఉంటాడు. వేడి, తేమ పెరిగితే ఆ ఊపిరి వేగం పెరుగుతుంది, మూట తొందరగా ఖాళీ అవుతుంది. హ్యారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త దీనికి ఒక చేతిలెక్క చెప్పాడు. గింజలో తేమ ఒక శాతం తగ్గిస్తే ఆయుష్షు రెట్టింపు. దాచే చోట వేడి అయిదు డిగ్రీలు తగ్గిస్తే మళ్లీ రెట్టింపు. కొన్ని హద్దుల్లోనే పనిచేసే లెక్క, అయినా మన ఇంటికి చాలు. పన్నెండు శాతం తేమ ఉన్న గింజని ఎనిమిదికి ఆరబెడితే నాలుగు రెట్టింపులు, అంటే పదహారింతలు! డబ్బావాడు పాతికేళ్లన్నది పూర్తిగా అబద్ధం కాదు. బాగా ఆరబెట్టి, చలిపెట్టెలో పెడితే చాలా రకాలు అంతకాలం ఉంటాయి. వంటింటి అలమరా మీద, ఫ్రిజ్ వెనకవేడి తగిలే చోట పెడితే ఉండవు. గింజ మొండితనానికి లోటేమీ లేదు. మసాడా కోట శిథిలాల్లో దొరికిన సుమారు రెండువేల ఏళ్లనాటి ఖర్జూరపు గింజ 2005లో ఇజ్రాయెల్‌లో మొలకెత్తింది. అక్కడి ఎడారి గాలి పొడి. మన కోస్తా గాలిని పిండితే నీళ్లు కారతాయి.

మరి మన అమ్మమ్మలు ఈ గాలిలోనే ఎలా దాచారు? కట్టెల పొయ్యి పైన ఉట్టి. పొగ, వెచ్చదనం రోజూ రెండుపూటలా తగిలి గింజ పొడిగా ఉండేది, పురుగు దగ్గరికి వచ్చేది కాదు. పప్పుజాతి గింజల్లో బూడిద కలిపేవారు. బూడిద రేణువు పురుగు ఒంటిమీది మైనపు పొరని గీకేస్తుంది, ఒంట్లో నీరు ఆవిరైపోయి పురుగు ఎండి చస్తుంది. గింజకీ గింజకీ మధ్య సందు పూడిపోతే అది కదలడానికీ చోటుండదు. మందుల షాపు మొహం చూడని మంచి మందు. అయితే మనం ఒకటి గమనించం. గ్యాసు పొయ్యి వచ్చి ఉట్టీ పోయింది, పొగా పోయింది. అటక మిగిలింది. అంటే పాత పద్ధతిలో సగమే మిగిలింది. ఆ సగాన్ని పట్టుకుని "మా పూర్వీకులు ఇలాగే దాచారు" అంటే గింజ ఒప్పుకోదు.

ఒకసారి నేను సగం ఆరిన బీర గింజల్ని ప్లాస్టిక్ కవర్లో పోసి బిగించి ముడేసి, గొప్పగా తేదీ కూడా రాసి పెట్టాను. నెలకి చూస్తే తెల్లటి బూజు. లోపలి తేమకి బయటికి దారి మూసేసింది నేనే. నలభై ఏళ్లు బళ్లో సైన్సు చెప్పాను, చెప్పి ఏం లాభం!

ఇప్పుడు మేం చేసేది ఇది. గింజని నీడన గాలికి వారం ఆరబెడతాం. గిద్దెడు బియ్యం మూకుడులో ఎర్రగా వేయించి, వేడి మీదే మూతపెట్టి చల్లార్చి, గాజుసీసా అడుగున పోస్తాం. పైన గింజలు గుడ్డమూటలో. రెండు వారాల్లో వేగిన బియ్యం గింజలోని తేమ లాగేస్తుంది. సొర, గుమ్మడి గింజని వంచి చూడండి, వంగితే తడి ఉంది, పుటుక్కున విరిగితే ఆరింది. తరవాత బియ్యం తీసేసి, మూత బిగించి, పేరూ ఏడూ రాసి ఫ్రిజ్‌లో కింది అరలో. తీసినప్పుడు మాత్రం సీసా బయటి వేడికి వచ్చేదాకా మూత తియ్యకండి. తీశారంటే చల్లటి గింజల మీద గాలిలోని నీరు చెమటలా పడుతుంది.

ఇదంతా విని మనవడు, "అయితే నా డబ్బా ఫ్రిజ్‌లో పెట్టేస్తే సరి" అన్నాడు. కాదు. అక్కడే నాకూ వాడికీ వాదన.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకి 180 కిలోమీటర్లు దాటిన గాలి. మా పందిరి లేచిపోయింది, మునగచెట్టు నడుముకి విరిగింది. కరెంటు లేదు, ఫోను లేదు, బజార్లో కూరగాయల ధర అడగడానికే భయం. ఆ రోజు ఎంత గొప్ప విత్తనాల డబ్బా ఉన్నా మర్నాడు కూర రాదు. మొదటి వారం మమ్మల్ని కాచింది ఆవకాయ, వంకాయ వరుగులు, నానబెట్టి మొలకెత్తించిన పెసలు. పెసరమొలక రెండు రోజుల పని, గింజలో లేని సి విటమిన్ మొలకలో పుడుతుంది. రెండో అండ కంద. నేల మీద ఎంత గాలి వీచినా దుంప నేల కింద చెక్కుచెదరలేదు. మూడోది, మా ఆవిడ కొమ్మలు తీసేసిన జానెడు చోటులో పదమూడో తారీఖునే చల్లిన తోటకూర విత్తనం. నెల తిరక్కుండానే కోశాం. మెంతికూర ఇంకా ముందు. బెండకి నెలన్నర, అలసందకి రెండు నెలలు, సొరకి అంతకన్నా ఎక్కువ. విరిగిన మునగ కొమ్మల్ని ముక్కలు కోసి పాతితే చిగిర్చాయి.

తోటకూర కడుపు నింపదు సుమా. పెరటి కూరలతో మనిషి స్వయంసమృద్ధుడు అవుతాడనేవాణ్ణి నేను నమ్మను. బియ్యం, పప్పు, ఉప్పు ఇంట్లో ఉండాలి. వాటి పక్కన ఆకూ కాయా మనవి ఉంటే నాలుక, ఒళ్లు రెండూ నిలబడతాయి. అలసంద, చిక్కుడు, కంద, చిలగడదుంప, గుమ్మడి కాస్త బలమైన స్నేహితులు. ఆపద జాబితాలో నా ఓటు కేల్‌కి కాదు, వీటికి.

విత్తనం విత్తాలంటే చెయ్యి తిరగాలి. పేనుబంక ఎలా ఉంటుందో, పిందె ఎందుకు రాలుతుందో, నీళ్లు ఎక్కువైతే ఆకు ఏమంటుందో డబ్బాలో పెట్టి ఎవడూ అమ్మడు. అందుకే విత్తనం దాచుకునేది కాదు, తిప్పుకునేది. ఏటా కొన్ని వెయ్యాలి, కొన్ని తియ్యాలి, కొన్ని పంచాలి.

పెద్దపెద్దవాళ్లూ ఇదే చేస్తున్నారు. నార్వేకి ఉత్తరాన మంచుదీవుల గుంపు స్వాల్‌బార్డ్‌లో కొండ తొలిచి, మైనస్ 18 డిగ్రీల్లో ప్రపంచ విత్తన ఖజానా 2008లో తెరిచారు. సిరియాలో యుద్ధం వచ్చి అలెప్పో దగ్గరి విత్తన కేంద్రం అందకుండా పోతే, ఆ కేంద్రంవాళ్లు 2015లో స్వాల్‌బార్డ్ నుంచి తమ గింజలు తామే వెనక్కి తీసుకున్నారు. లెబనాన్‌లో, మొరాకోలో విత్తి, పెంచి, 2017లో కొత్త గింజని మళ్లీ అప్పజెప్పారు. ఖజానా కూడా బ్యాంకు లాంటిదే, వేసిందే తియ్యగలం.

అంతకుముందొక కథ ఉంది, మా పిల్లలకి బళ్లో చెప్పేటప్పుడు గొంతు పట్టేసేది. 1941 సెప్టెంబరు నుంచి 1944 జనవరి దాకా హిట్లర్ సేన లెనిన్‌గ్రాడ్‌ని ముట్టడించింది. సోవియట్ వృక్షశాస్త్రవేత్త వావిలోవ్ ప్రపంచమంతా తిరిగి పోగుచేసిన గింజలు ఆ ఊళ్లోనే ఉన్నాయి. ఆయన మాత్రం అప్పటికే సొంత ప్రభుత్వం జైల్లో ఉన్నాడు. 1943లో సరతోవ్ జైల్లోనే పోయాడు. ఊళ్లో జనం ఆకలికి రాలిపోతుంటే, గింజలకి కాపలా ఉన్న శాస్త్రవేత్తలు వాటిని తినలేదు. వరి విత్తనాల బాధ్యుడు వడ్ల సంచుల మధ్యే ఆకలితో చనిపోయాడు.

అంతదూరం ఎందుకు, మన జహీరాబాద్ ప్రాంతం పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో మహిళా సంఘాలవాళ్లు జొన్న, సజ్జ, కొర్ర, పప్పులు రకరకాలుగా ఇళ్లలోనే దాచి, సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర తీస్తారు. ఎక్కువమంది దళిత పేద రైతమ్మలే. డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) తోడుగా నడిచే ఈ మహిళా సంఘాలకి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఇంకో ముక్క. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన పొలంలో పండిన విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు పేరు వేసి అమ్మకూడదు, అంతే.

మనవడు వెళ్లేముందు పందెం వేశాం. తడి గుడ్డ మీద పదేసి గింజలు పరిచి, చుట్టి, తాటాకు బుట్టలో పెట్టాం. వాడి డబ్బాలోంచి టమాటా, లెట్యూస్. మా ఆవిడవి సొర, నాటు బెండ. రోజూ నీళ్లు చిలకరించి ఫోటో పంపడం నా డ్యూటీ.

పదో రోజు లెక్క ఇదీ. డబ్బా టమాటా పదికి తొమ్మిది. మెచ్చుకోవలసిందే. లెట్యూస్ సున్నా. చచ్చాయని కాదు, ముప్పై డిగ్రీల పైబడ్డ వేడిలో ఆ గింజ భీష్మించుకు కూర్చుంటుంది. చల్లటి చోట పెడితే లేస్తుందేమో చూడాలి. సొర పదికి ఎనిమిది. మా ఆవిడ గర్వంగా నా వైపు చూసింది. బెండ పదికి రెండు. అప్పుడు నేను ఆవిడ వైపు చూడలేదు, ఎందుకంటే మూడేళ్లుగా ఆ బెండ వెయ్యకుండా సీసాలో ఉంచింది నేనే. ఆ రెండు మొలకల్నీ కుండీలో పెట్టాం. ఒకటి కుళ్లిపోయింది. ఒకటి నాలుగాకులు వేసింది.

ఎనిమిది పలకల కాయ అది, పులుసులోకి వెన్నలా ఉడికేది. మీ పెరట్లో గానీ, మీ ఊళ్లో ఏ ముసలమ్మ దొడ్లో గానీ ఆ పాత బెండ ఉంటే ఒక్క కాయని ముదిరి ఎండేదాకా చెట్టునే ఉండనివ్వండి. నాకో గుప్పెడు గింజలు కావాలి. బదులుగా మా సొర గింజలు ఇరవై సిద్ధంగా ఉన్నాయి.